కడప నుంచి కువైట్ దాకా: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కగట్టుకోవడం ఎలా

బెంగళూరులో తెల్లవారుజామున 4:00కి బయలుదేరి కువైట్‌లో 6:30కి దిగుతుందని టికెట్ మీద ఉందనుకుందాం. చూసిన వాళ్లు రెండున్నర గంటల ప్రయాణమే కదా అనుకుంటారు. విమానంలో కూర్చోవాల్సింది మాత్రం అయిదు గంటలు. తిరుగు టికెట్‌లో రాత్రి 10:00కి ఎక్కి తెల్లారి 5:00కి దిగినట్టు ఉంటే అది ఏడు గంటలని కంగారు పడతారు. విమానంలో గడిపేది నాలుగున్నరే. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లొచ్చే కుటుంబాల్లో ఈ లెక్క దాదాపు ప్రతి ఇంట్లోనూ అవసరం పడుతుంది. షుగర్ మందు ఎన్ని గంటలకు వేసుకోవాలి, చంటిబిడ్డకు ఎన్ని పాలసీసాలు పెట్టుకోవాలి, ఎయిర్‌పోర్టుకు కారు ఎన్నింటికి పంపాలి, ఇవన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు, మీరే వేసుకోవచ్చు.

మొదట దూరం తెలుసుకోవాలి, తర్వాత సమయం, ఆఖరున గడియారాల తేడా. మూడూ వేర్వేరు లెక్కలు. కలిపేస్తేనే తప్పు వస్తుంది.

అక్షాంశం, రేఖాంశం

ప్రతి విమానాశ్రయానికీ రెండు అంకెలు కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మధ్యలో వేలు నొక్కి పట్టుకుంటే ఆ రెండూ కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు తరచుగా అవసరమయ్యేవి ఇవి:

కడప 14.51, 78.77
కర్నూలు (ఓర్వకల్లు) 15.72, 78.17
పుట్టపర్తి 14.15, 77.79
హైదరాబాద్ (శంషాబాద్) 17.24, 78.43
బెంగళూరు (దేవనహళ్లి) 13.20, 77.71
చెన్నై 12.99, 80.17
విజయవాడ (గన్నవరం) 16.53, 80.80
దుబాయ్ 25.25, 55.36
కువైట్ 29.23, 47.97

దశాంశం తర్వాత రెండు అంకెలు సరిపోతాయి. 0.01 డిగ్రీ అంటే 1.1 కిలోమీటరే. ప్రయాణ సమయం లెక్కకు అంతకన్నా నిక్కచ్చితనం అక్కర్లేదు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కొన్ని చోట్ల అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకండ్ల రూపంలో ఉంటాయి. 14 డిగ్రీల 30 నిమిషాల 36 సెకండ్లు అని ఉంటే దాన్ని 14.3036 అని రాయకూడదు. నిమిషాలను 60తో, సెకండ్లను 3,600తో భాగించి కలపాలి: 14 + 0.50 + 0.01 = 14.51. అలా చేయకుండా 14.30 అని వేస్తే విమానాశ్రయం 23 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే ఇంకా ఘోరం. 78 ఉత్తరం, 14 తూర్పు అంటే అది కడప కాదు, ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవులు. మన కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతంలో అక్షాంశం 13 నుంచి 16 మధ్య, రేఖాంశం 76 నుంచి 80 మధ్య ఉంటుంది. ఈ హద్దులు గుర్తుంటే తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది.

దగ్గరి దూరాలకు: కడప–హైదరాబాద్

వెయ్యి కిలోమీటర్ల లోపైతే భూమిని చదునుగా అనుకుని లెక్క వేసినా ఫరవాలేదు. ఒక డిగ్రీ అక్షాంశం 111.2 కిలోమీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గరే అంత ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశ గీతలు దగ్గరికి వస్తాయి కాబట్టి ఆ దూరం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పేది కాస్ విలువ (బళ్లో త్రికోణమితిలో వచ్చే cos; దాని మీట ఫోన్‌లో ఎలా వస్తుందో కింద ఉంది).

అక్షాంశాల తేడా: 17.24 నుంచి 14.51 తీస్తే 2.73. దాన్ని 111.2తో గుణిస్తే 303.6 కిలోమీటర్లు. ఇది ఉత్తర దిక్కుగా పోయే దూరం.

రేఖాంశాల తేడా: 78.77 నుంచి 78.43 తీస్తే 0.34. దాన్ని 111.2తో గుణిస్తే 37.8. రెండు ఊళ్ల అక్షాంశాల సగటు 15.88, దాని కాస్ 0.962. 37.8 ను 0.962తో గుణిస్తే 36.4 కిలోమీటర్లు. ఇది పడమటి దిక్కుగా పోయే దూరం.

ఈ రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి, బళ్లో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే. 306 కిలోమీటర్లు వస్తుంది. అదే ప్రయాణం రోడ్డు మీద 400 దాటుతుంది. ఇదే పద్ధతిలో కడప–చెన్నై 227, కడప–విజయవాడ 313, కర్నూలు–బెంగళూరు 285 కిలోమీటర్లు వస్తాయి. ఒకటి రెండు మీరే చేసి సరిచూసుకోండి.

దూర ప్రయాణాలకు: బెంగళూరు–కువైట్

దూరం పెరిగేకొద్దీ భూమి గుండ్రనితనం లెక్కలోకి వస్తుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. దానికి సూత్రం ఇది:

కోణం కాస్ = (మొదటి అక్షాంశం సైన్ × రెండో అక్షాంశం సైన్) + (మొదటి అక్షాంశం కాస్ × రెండో అక్షాంశం కాస్ × రేఖాంశాల తేడా కాస్)

చూడ్డానికి బారెడు ఉన్నా చేసేది అయిదు నిమిషాల పని. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైన్, కాస్ మీటలు వస్తాయి. అన్నిటికంటే ముందు అది డిగ్రీల్లో ఉందో రేడియన్లలో (కోణాన్ని కొలిచే ఇంకో ప్రమాణం) ఉందో చూడాలి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. మైనస్ 0.988 వచ్చిందంటే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉన్నట్టు. ఎక్సెల్‌లో అయితే ఎప్పుడూ రేడియన్లే, కాబట్టి ప్రతి కోణాన్నీ ముందు రేడియన్లలోకి మార్చుకోవాలి.

సైన్ 13.20 = 0.2284, సైన్ 29.23 = 0.4883. గుణిస్తే 0.1115.

కాస్ 13.20 = 0.9736, కాస్ 29.23 = 0.8727. రేఖాంశాల తేడా 77.71 – 47.97 = 29.74, దాని కాస్ 0.8683. మూడూ గుణిస్తే 0.7377.

మొత్తం 0.8492. దీని మీద కాస్ విలోమం మీట (కాస్ పైన చిన్నగా మైనస్ ఒకటి ఉండేది) నొక్కితే 31.87 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 3,544 కిలోమీటర్లు.

కాస్ సవరణ ఏమీ లేకుండా ఉత్తి పైథాగరస్ వేస్తే 3,757 వచ్చేది, అంటే 200 కిలోమీటర్లు పైగా తేడా. పైన చెప్పిన సగటు కాస్ సవరణ చేస్తే 3,561 వస్తుంది. గల్ఫ్ దాకా అదీ పనికొస్తుంది గానీ అమెరికా లెక్కలో కుప్పకూలుతుంది. హైదరాబాద్–శాన్‌ఫ్రాన్సిస్కో అసలు దూరం సుమారు 13,540 కిలోమీటర్లు, చదును పద్ధతిలో దాదాపు 15,900 వస్తుంది. భూమిని బల్లపరుపుగా పరిచిన మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచే వాళ్లకూ ఇదే జరుగుతుంది.

అమెరికా లెక్కలో ఇంకో జాగ్రత్త. గ్రీన్‌విచ్‌కు పడమట ఉన్న రేఖాంశాలకు మైనస్ గుర్తు ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో మైనస్ 122.38. ఆ గుర్తు మరిస్తే విమానం చైనా తూర్పు తీరంలో, వేహాయ్ దగ్గర దిగుతుంది, దూరం 4,835 కిలోమీటర్లే వస్తుంది. గుర్తు పెట్టి తేడా తీస్తే 200.81 డిగ్రీలు. అలాగే కాస్ తీసినా, 360లోంచి తీసి 159.19గా రాసుకున్నా జవాబు ఒకటే.

మరి ఈ పెద్ద సూత్రాన్నే దగ్గరి దూరాలకూ ఎందుకు వాడకూడదు? కడప–హైదరాబాద్‌కి వాడితే కాస్ విలువ 0.998848 వస్తుంది. దీన్ని 0.9988 అని కుదిస్తే దూరం 312 కిలోమీటర్లు అవుతుంది, 0.999 అని కుదిస్తే 285కి పడిపోతుంది. కోణం చిన్నదైతే కాస్ విలువ ఒకటికి అంటుకుపోయి ఉంటుంది, చివరి అంకెల్లోనే దూరమంతా దాగి ఉంటుంది. అంకెలు కుదించకుండా కాలిక్యులేటర్‌లోనే మోసుకుపోతే ఇబ్బంది లేదు. కాగితం మీద రాసుకుంటూ చేసే వాళ్లు మాత్రం దగ్గరి దూరాలకు చదును పద్ధతే పట్టుకోవడం మేలు.

చేయి తిరగడానికి బెంగళూరు–దుబాయ్ వేసి చూడండి. 2,695కి అటూ ఇటూగా వస్తే మీ పద్ధతి సరైనదే.

విమానయానంలో దూరం నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. వేగం నాట్స్‌లో ఉంటుంది, 450 నాట్స్ అంటే గంటకు 833 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. కొన్ని వెబ్‌సైట్లు ఏ మైలో చెప్పకుండా ఉత్తి మైళ్లని రాస్తాయి, అలాంటి అంకెను నమ్మకండి.

దూరం నుంచి సమయం

దూరాన్ని వేగంతో భాగించేసి ఆగిపోతే అన్యాయంగా తక్కువ సమయం వస్తుంది. మూడు కారణాలున్నాయి.

విమానం మహావృత్తం మీద గీత గీసినట్టు పోదు. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి దానికి ఎదురుగా ఎగరాలి, ఎదురుగా దిగాలి. హైదరాబాద్ వెళ్లాల్సిన విమానం కడపలో రన్‌వే దిక్కుగా లేచి ఆ తర్వాతే ఉత్తరానికి తిరుగుతుంది. రద్దీగా ఉంటే దిగే చోట గాలిలో చక్కర్లు కొట్టాలి. నిర్ణయించిన వాయుమార్గాలు, నిషేధిత గగనతలాలు ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానయాన సంస్థలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే సర్వీసుల దారి బాగా పెరిగింది. బెంగళూరు నుంచి కువైట్‌కి అరేబియా సముద్రం మీదుగా పోవచ్చు కాబట్టి ఆ దెబ్బ మనకు అంతగా తగల్లేదు. లెక్కకు, 600 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 35 కిలోమీటర్లు కలపండి, దూర ప్రయాణానికి 5 శాతం కలపండి.

రెండోది, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. మూడోది, టికెట్‌లోని సమయం గాలిలో ఉన్నంతసేపే కాదు. విమానం నిలబడ్డ చోట కదిలినప్పటి నుంచి అవతల ఊళ్లో ఆగి చక్రాలకు అడ్డుచెక్కలు వేసేదాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలవడం అందులోనే. ఈ రెండింటికీ కలిపి చిన్న విమానానికి 25 నిమిషాలు, జెట్‌కు 30 నిమిషాలు వేసుకోవాలి.

ఏ విమానమో తెలిస్తేనే వేగం తెలుస్తుంది. కడప, కర్నూలు లాంటి చిన్న విమానాశ్రయాలకు తరచుగా వచ్చేది రెండు పంకాలు తిరిగే ఏటీఆర్ 72. అది గంటకు 500 పైచిలుకు పోగలదు, లెక్కకు 480 పట్టండి. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటి జెట్లకు 830. టికెట్ వివరాల్లో విమానం రకం రాసి ఉంటుంది, ఒక్కసారి చూడండి. 300 కిలోమీటర్ల మీద జెట్ వేగం వేస్తే ఏటీఆర్ ప్రయాణం పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు తక్కువగా కనిపిస్తుంది.

కడప–హైదరాబాద్, ఏటీఆర్: 306 + 35 = 341. దాన్ని 480తో భాగిస్తే 0.71 గంట, అంటే 43 నిమిషాలు. 25 కలిపితే గంటా 8 నిమిషాలు. (0.71 గంటను 71 నిమిషాలుగా చదివే వాళ్లున్నారు. 60తో గుణించాలి.)

బెంగళూరు–కువైట్, జెట్: 3,544కి 5 శాతం కలిపితే 3,721. 830తో భాగిస్తే 4.48 గంటలు, అంటే 4 గంటల 29 నిమిషాలు. 30 కలిపితే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ.

విమానయాన సంస్థలు షెడ్యూలులో దీని మీద ఇంకో పది, ఇరవై నిమిషాలు కలుపుకుంటాయి. ఆలస్యంగా బయలుదేరినా టైముకే చేరినట్టు ఉండాలి కదా. అందుకే మీ లెక్క కన్నా టికెట్ సమయం రవ్వంత ఎక్కువుంటే మీ లెక్క తప్పనుకోవద్దు. టికెట్ సమయం మీ లెక్క కన్నా అరగంట తక్కువుండి, దానికి కింద చెప్పబోయే వెనక గాలి కారణం కాకపోతే మాత్రం ఎక్కడో అంకె తప్పినట్టే.

గాలి

వెళ్లేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఒక సమయం ఎందుకంటే పైన వీచే గాలి వల్లే. విమానం వేగం గాలితో పోల్చి చెప్పేది, నేలతో పోల్చి కాదు. చలికాలంలో ఉత్తర భారతం, అరేబియా ద్వీపకల్పం మీదుగా చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ గాలులు బలంగా వీస్తాయి. కువైట్‌కి పోయేటప్పుడు అవి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి.

దారి పొడుగునా గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. ఎదురైతే 830 కాస్తా 730 అవుతుంది, 3,721 కిలోమీటర్లకు 5 గంటల 6 నిమిషాలు పడుతుంది. వెనక నుంచైతే 930, సరిగ్గా 4 గంటలు. గాలి లేనప్పుడు 4:29 కాబట్టి ఎదురుగాలిలో పోయింది 37 నిమిషాలు, వెనక గాలిలో కలిసొచ్చింది 29 నిమిషాలే. పోనూ రానూ సమానంగా సర్దుకుంటుందన్నది నిజం కాదు, ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన దక్షిణాది మీద, నైరుతి రుతుపవనాలకు పైన చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి జెట్ గాలి వీస్తుంది. దీని గురించి వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరంగా రాశారు. ఆ నెలల్లో దక్షిణాది నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానానికి దారిలో కొంత మేర ఇది కలిసొస్తుంది. జనవరిలో వెళ్లిన వాళ్ల అనుభవం పెట్టుకుని ఆగస్టు ప్రయాణం అంచనా వేయకూడదు.

గడియారాల తేడా

మన సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించింది. అది మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. కువైట్ మనకన్నా 2 గంటల 30 నిమిషాలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. సౌదీ, ఖతార్‌లకు కువైట్ లెక్కే.

ఎప్పుడూ ఒకే పద్ధతి పాటించండి. బయలుదేరే ఊరి గడియారం ప్రకారం ప్రయాణ సమయం కలపాలి, ఆ తర్వాతే అవతలి ఊరి గడియారంలోకి మార్చాలి. 4:00 + 5:00 = మన 9:00. రెండున్నర తీస్తే కువైట్‌లో 6:30. తిరుగు ప్రయాణం: కువైట్ 22:00 + 4:30 = కువైట్ 2:30, తారీకు మారింది. రెండున్నర కలిపితే మన 5:00. టికెట్‌లో దిగే సమయం పక్కన చిన్నగా ప్లస్ ఒకటి ఉంటే మర్నాడు అని అర్థం.

గల్ఫ్ దేశాల్లో ఏడాది పొడుగునా ఒకే సమయం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవిలో మనకు 12:30 గంటలు వెనక, చలికాలంలో 13:30.

ఏ ఎయిర్‌పోర్టు ఎంచుకోవాలి

దూరం లెక్క అసలు అక్కరకొచ్చేది ఇక్కడ. హైదరాబాద్–కువైట్ 3,372 కిలోమీటర్లు, బెంగళూరు కన్నా 172 తక్కువ. హైదరాబాద్ దగ్గర కదా అని అటు టికెట్ తీసుకుంటారు. గాలిలో 172 కిలోమీటర్లంటే పన్నెండు, పదమూడు నిమిషాలు. అదే రోడ్డు మీద మూడు గంటలు పైమాటే. కాబట్టి దూర ప్రయాణానికి గాలిలో దూరం చూసి ఎయిర్‌పోర్టు ఎంచుకోవద్దు, ఇంటి నుంచి రోడ్డు దూరం చూసి ఎంచుకోండి. అనంతపురం వాళ్లకు ఈ విషయంలో కలిసొచ్చింది. బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, దేవనహళ్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారికి ఆనుకునే ఉంది, ఊళ్లోకి పోకుండానే చేరుకోవచ్చు. శంషాబాద్ కూడా అదే రహదారి మీద, హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది కాబట్టి కర్నూలు వాళ్లకు అది సులువు. కడప నుంచి చిన్న విమానంలో హైదరాబాద్ వెళ్లి అక్కడ మారాలనుకుంటే, రెండూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా తీసుకుంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో దాని డబ్బు పోయినట్టే. మధ్యలో కనీసం నాలుగు గంటలు పెట్టుకోవాలి.

ఇక ఇంటి నుంచి ఎప్పుడు కదలాలన్నది వెనక నుంచి ముందుకు లెక్కగట్టాలి. బెంగళూరులో 15వ తేదీ తెల్లవారుజాము 4:00 విమానం తీసుకుందాం. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి, అంటే 1:00. కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా కారులో సుమారు అయిదు గంటలు, అంటే రాత్రి 8:00. గువ్వలచెరువు ఘాట్‌లో ఒక్క లారీ అడ్డంగా ఆగితే గంట ఇట్టే పోతుంది, దారిలో భోజనం కూడా ఉంటుంది కాబట్టి ఇంకో గంట. సాయంత్రం 7:00కి కడప వదలాలి, అదీ 14వ తేదీన. టికెట్ మీద 15 అని ఉంది కదా అని 15 సాయంత్రానికి కారు మాట్లాడుకున్న వాళ్లకు విమానం పోయి అప్పటికే పదిహేను గంటలవుతుంది. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5 మధ్య ఉన్న ఏ టికెట్‌కైనా, కారు డ్రైవరుకు చెప్పేటప్పుడు టికెట్ తారీకు చెప్పకండి. ఇంటి నుంచి కదిలే రోజు, వారం పేరుతో సహా చెప్పండి.